పదహారు తర్వాత పద్దెనిమిది

మా మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం. సెకండ్ లాంగ్వేజి దగ్గర ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. తెలుగు తీసుకోమని నేను, సంస్కృతమైతే మార్కులు రాలతాయని వాళ్లమ్మ. పిల్ల ఇద్దర్నీ పక్కన పెట్టి ఫ్రెంచి తీసుకుంది. అప్పటినుంచీ మూసారాంబాగ్‌లో మా ఇంట్లో సుప్రభాతం బదులు ఫ్రెంచి క్రియాపదాలు వినిపిస్తున్నాయి.

మొన్నొక సాయంత్రం ఆ పిల్ల నోట్సులో ఫ్రాన్స్ రాజుల పట్టిక రాసుకుంటోంది. నేను పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాను. కళ్లజోడు సర్దుకుని చూద్దును కదా, పదమూడో లూయీ, పద్నాలుగో లూయీ, పదిహేనో లూయీ, పదహారో లూయీ, ఆ కింద పద్దెనిమిదో లూయీ.

"ఒకటి వదిలేశావే" అన్నాను.

"లేదు తాతా, మేడమ్ బోర్డు మీద అట్లనే రాసింది."

"మరి పదిహేడు?"

"ఏమో. లేడు."

లేడంటే ఊరుకునే మనిషిని కాను నేను. ముప్పై నాలుగేళ్లు ఆడిట్‌లో చేశాను. వోచరు నంబరు 16 తర్వాత 18 కనిపించిందంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. రద్దయిన వోచరైనా సరే, అడ్డంగా గీత కొట్టి 'క్యాన్సిల్డ్' అని రాసి ఫైల్లో ఉంచాలి. అసలు కాగితమే లేదంటే ఎవరో చింపేసి ఉండాలి, లేదా ఎవరో కావాలని నంబరు దాటించి ఉండాలి. ఈ లూయీల ఫైల్లో జరిగింది ఏదో తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. రిటైరైనవాడికి వారాలకేం కరువు.

వంశం పేరు బూర్బన్. (బుర్బోఁ అనాలట, ముక్కుతో. ఈ వయసులో నా ముక్కుకి కొత్త విద్యలు రావు.) మొదలైంది 1589లో. అప్పటి రాజు మూడో హెన్రీని ఒక సన్యాసి కత్తితో పొడిచాడు. రాజుకు పిల్లల్లేరు, బతికున్న తమ్ముళ్లు లేరు. వారసుడి కోసం మగవాళ్ల వరస పట్టుకుని వెనక్కి పోతే, 1270లో పోయిన తొమ్మిదో లూయీ దాకా పోవాల్సి వచ్చింది. ఆయన ఆఖరి కొడుకు నుంచి దిగిన పదో తరంవాడు, నవార్ అనే చిన్న రాజ్యాన్ని ఏలుకుంటున్న హెన్రీ, చట్టప్రకారం వారసుడు. మన వైపు దూరపు చుట్టమంటే నాలుగు తరాలు. శుభలేఖ కూడా అందదు. ఆయనకి ఏకంగా ఫ్రాన్స్ అందింది.

అంత దూరం ఎందుకు పోయారంటే, ఆడపిల్లలకీ ఆడపిల్లల బిడ్డలకీ హక్కు లేదు కాబట్టి. ఆ కథ 1316లో మొదలైంది. పదో లూయీ చనిపోయేనాటికి ఒక కూతురుంది, భార్య గర్భవతి. నవంబర్‌లో కొడుకు పుట్టాడు, ఐదు రోజులు బతికాడు. ఆ ఐదు రోజుల పసివాణ్ని ఒకటో జాన్ అని లెక్కలో వేసుకున్నారు. తర్వాతెప్పుడో వచ్చిన జాన్ రెండో జాన్ అయ్యాడు. అక్క మాత్రం గద్దెకు పనికిరాలేదు, బాబాయి కూర్చున్నాడు. ఊయలలో ఐదు రోజులున్నవాడికి నంబరు ఇచ్చారు, బతికున్న ఆడపిల్లకి ఇవ్వలేదు. అదే 1316లో మన ఓరుగల్లును ఏలుతున్నది ఎవరనుకున్నారు? రుద్రమదేవి కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు. గణపతిదేవుడు కూతురికి పట్టం కట్టాడు, ఆ కూతురు తన కూతురి కొడుక్కి వదిలి వెళ్లింది. ఇది మా మనవరాలికి చెప్తే "మరి మనోళ్లే బెటర్ కదా తాతా" అంది. ఆ ఒక్క పద్దు వరకు నాకూ అభ్యంతరం లేదు.

ఆ నవార్ హెన్రీయే ఫ్రాన్స్‌కి నాలుగో హెన్రీ. మతానికి ప్రొటెస్టెంటు. కాథలిక్ దేశం ఆయన్ని ఒప్పుకోలేదు. నాలుగేళ్లు కొట్లాడి, చివరికి 1593లో మతం మార్చుకుని, మరుసటేడు పారిస్‌లో అడుగుపెట్టాడు. 1598లో నాంత్ శాసనంతో తన పాత మతంవాళ్లకి, ప్రొటెస్టెంట్లకి, రక్షణ ఇచ్చాడు. 1610 మే 14న బండిలో పోతుంటే పారిస్‌లో ఒక ఇరుకు వీధిలో అడ్డంగా బళ్లు నిలిచి ట్రాఫిక్ జామ్ అయింది. రవయ్యాక్ అనేవాడు బండి చక్రమెక్కి పొడిచేశాడు. మలక్‌పేట రైల్వే వంతెన కింద ఆటోలో ఇరుక్కున్నప్పుడల్లా ఈ మధ్య నాకు ఆయనే గుర్తొస్తున్నాడు.

తర్వాత కొడుకు పదమూడో లూయీ, ఆయన కొడుకు పద్నాలుగో లూయీ. ఈ పద్నాలుగో ఆయన నాలుగేళ్ల వయసులో 1643లో గద్దెక్కి 1715 దాకా, డెబ్బై రెండేళ్లు దిగలేదు. వెర్సాయ్, యుద్ధాలు, పొడుగు విగ్గులు, అవన్నీ అందరూ రాసేవే. నాకు పట్టినది ఆయన చివరి నాలుగేళ్లు. 1711లో కొడుకు మశూచితో పోయాడు. 1712 ఫిబ్రవరిలో ఆరు రోజుల తేడాతో మనవడి భార్య, మనవడు తట్టుతో పోయారు. మార్చిలో మునిమనవడు. రెండేళ్ల ఇంకో మునిమనవడికీ అదే జబ్బు తగిలింది. పెద్దవాడికి వైద్యులు వరసగా రక్తం తీశారు, పోయాడు. చిన్నవాణ్ని మాత్రం పెంచే ఆవిడ, మదామ్ ద వాంతదూర్, వైద్యుల చేతికివ్వకుండా తన దగ్గరే అట్టిపెట్టుకుంది. వాడు బతికాడు. వాడే పదిహేనో లూయీ. ఒక దాదమ్మ మొండితనం మీద వంశం నిలబడింది. (ఈయన 1722 పట్టాభిషేకపు కిరీటంలో పొదిగిన రీజెంట్ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందే. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మన లెడ్జర్లో రాసుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, పోనివ్వండి.)

ఈయన కొడుకూ తండ్రి కన్నా ముందే, 1765లో పోయాడు. 1774లో మనవడు పదహారో లూయీ వచ్చాడు. ఇక్కడ నేను పట్టిక గీసుకుంటే ఒక సంగతి కనబడింది. 1643 తర్వాత ఈ వంశంలో ఏ రాజు కొడుకూ తండ్రి తర్వాత నేరుగా గద్దెక్కలేదు. మునిమనవడు, మనవడు, తమ్ముడు, ఇంకో తమ్ముడు. తండ్రి పోయాక కొడుక్కి వచ్చింది ఒక్కసారే, అదీ కాగితం మీద. ఆ ఒక్కడే నేను వెతుకుతున్న పదిహేడు.

ఆ పిల్లవాడి పేరు లూయీ షార్ల్. 1785 మార్చి 27న పుట్టాడు. తండ్రి పదహారో లూయీ, తల్లి మేరీ ఆంటోనెట్. అన్న ఒకడుండేవాడు, 1789 జూన్‌లో, విప్లవం ఇంకా గడప దాటకముందే జబ్బుతో పోయాడు. 1792లో కుటుంబాన్ని మొత్తం పారిస్‌లో టాంపుల్ అనే పాత కోట బురుజులో బంధించారు. సెప్టెంబర్ 21న రాచరికం రద్దయింది. రాజు ఇక రాజు కాదు కాబట్టి ఆయనకొక ఇంటిపేరు కావాల్సి వచ్చింది. రాజులకి ఇంటిపేర్లు ఎక్కడివి? 987లో రాజైన మూలపురుషుడు హ్యూ కాపే పేరు తవ్వి తీసి 'లూయీ కాపే' అన్నారు. అది నా పేరు కాదు, మా పూర్వీకుల్లో ఒకరి పేరని ఆయన అభ్యంతరం చెప్పుకున్నాడు. పాపం, ప్రాణం పోయే వేళ కూడా రికార్డు సరిగా ఉండాలని కోరుకున్న మనిషి. నాకు ఆయన మీద కొంచెం అభిమానం కలిగింది అక్కడే. 1793 జనవరి 21న తల తీశారు.

తండ్రి పోయిన వారానికి, దేశం వదిలి జర్మనీలో హామ్ అనే ఊళ్లో తలదాచుకుంటున్న బాబాయి, ప్రొవాన్స్ ప్రభువు, ఒక ప్రకటన చేశాడు: మా అన్న కొడుకే ఇప్పుడు రాజు, పదిహేడో లూయీ, ఆయన మైనరు కాబట్టి నేను సంరక్షకుణ్ని. ఏడేళ్ల ఆ రాజు అప్పుడు బురుజులో ఉన్నాడు. జూలైలో వాణ్ని తల్లి నుంచి విడదీసి, సిమోన్ అనే చెప్పులు కుట్టే ఆయనకి అప్పగించారు, సామాన్యుడిలా పెంచమని. అక్టోబర్‌లో ఆ పిల్లవాడి చేతనే తల్లి మీద నీచమైన అభియోగం మీద సంతకం పెట్టించారు. అదేమిటో మనవరాలికి చెప్పలేదు, ఇక్కడా రాయను. ఆ నెలలోనే తల్లినీ చంపారు. మరుసటి జనవరిలో సిమోన్ వెళ్లిపోయాక పిల్లవాణ్ని నెలల తరబడి ఒక గదిలో ఒంటరిగా పెట్టి తలుపు వేశారు. 1795 జూన్ 8న, పదేళ్ల వయసులో, గండమాలతో చచ్చిపోయాడు.

శవపరీక్ష చేసిన పెలెతాన్ అనే వైద్యుడు ఎవరూ చూడకుండా గుండె తీసి రుమాల్లో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. ఆల్కహాల్లో వేసి దాచాడు. శిష్యుడొకడు దాన్ని దొంగిలించాడు, తర్వాత వెనక్కి వచ్చింది. 1830 అల్లర్లలో అది పెట్టిన గాజు పాత్ర పగిలింది, ఏరి తెచ్చారు. దేశాలు తిరిగి 1975లో ఫ్రాన్స్‌కి చేరింది. ఈలోగా 'నేనే పదిహేడో లూయీని, బురుజులోంచి తప్పించుకున్నాను' అంటూ బయల్దేరినవాళ్లు వందకు పైనే. వాళ్లలో నాండోర్ఫ్ అనే గడియారాల పనివాడు 1845లో పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. 2000లో ఆ గుండె ముక్కకీ, మేరీ ఆంటోనెట్ కుటుంబపు వెంట్రుకలకీ డీఎన్ఏ పోల్చి చూశారు. కలిసింది. 2004 జూన్ 8న, చనిపోయిన తారీఖునే, సాఁ దెనీ చర్చిలో తల్లిదండ్రుల సమాధుల దగ్గర చేర్చారు.

ఆ పరీక్ష తేల్చేది తల్లివైపు బంధాన్ని మాత్రమే. తల్లి నుంచి బిడ్డకి వచ్చే డీఎన్ఏ అది. ఆడవాళ్ల ద్వారా హక్కు రాదని 1316 నుంచి గీత గీసుకుని కూర్చున్న ఇంటివాళ్లు, తమ పిల్లవాణ్ని చివరికి అమ్మా పెద్దమ్మల తల వెంట్రుకలు పట్టుకుని గుర్తుపట్టాల్సి వచ్చింది.

ఇక బాబాయి సంగతి. పిల్లవాడు పోయిన కబురు అందగానే తాను పద్దెనిమిదో లూయీనని చెప్పుకున్నాడు. పదిహేడో లూయీ అని పెట్టుకోవచ్చుగా అని నాకు మొదట అనిపించింది. కుదరదు. అలా పెట్టుకుంటే అన్న కొడుకు రాజు కాడని ఒప్పుకున్నట్టు. వాడు రాజు కాకపోతే విప్లవం రాచరికాన్ని రద్దు చేసింది చెల్లినట్టే. అది చెల్లితే ఈయనదేముంది? అందుకని బురుజులో చనిపోయిన పిల్లవాడి నంబరు పక్కకి తొయ్యడానికి లేదు. ప్రేమ ఎంతో, లెక్క ఎంతో ఆ బాబాయికే తెలియాలి.

గద్దె మీద అసలు కూర్చున్నది 1814లో, నెపోలియన్ దిగిపోయాక. ఆ ఏడు ఇచ్చిన రాజ్యాంగ పత్రం కింద తారీఖు ఏం వేయించాడో చూసి నేను కుర్చీలోంచి లేచాను: 'మా పాలనలో పంతొమ్మిదో సంవత్సరం' అని. 1795 నుంచి లెక్క! రిపబ్లిక్ లేదు, నెపోలియన్ లేడు, ఆయన గెలిచిన ఆస్టర్లిట్జ్ యుద్ధం లేదు. పంతొమ్మిదేళ్లుగా మేమే ఏలుతున్నాం, కాకపోతే ఊళ్లో లేం. నా సర్వీసులో వెనక తేదీలు వేసినవాళ్లని చాలామందిని పట్టుకున్నాను. నెల, మూడు నెలలు, ఒకాయన ఆర్థిక సంవత్సరం మొత్తం. పంతొమ్మిదేళ్ల మొనగాణ్ని చూడటం ఇదే.

ఆయన 1824లో పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు పదో చార్ల్స్ వచ్చి, 1830లో మళ్లీ తిరుగుబాటు వస్తే ఆగస్టు 2న సంతకం పెట్టి దిగిపోయాడు. పెద్దకొడుకు కూడా తన హక్కు వదులుకుంటూ కింద సంతకం చెయ్యాలి. తండ్రి సంతకానికీ కొడుకు సంతకానికీ మధ్య ఇరవై నిమిషాలు గడిచాయంటారు. ఆ ఇరవై నిమిషాలకి ఆయన పంతొమ్మిదో లూయీ. పక్కన భార్య, ఆ కాసేపటి రాణి, ఎవరో కాదు, బురుజులోంచి ప్రాణాలతో బయటపడ్డ ఒకే ఒక్క మనిషి, పదిహేడో లూయీ అక్క. తర్వాత ఓర్లియాన్ శాఖ నుంచి ఒకాయన వచ్చి 1848 దాకా ఏలాడు. అక్కడితో ఆ దేశంలో వాళ్ల పద్దు మూత. స్పెయిన్‌లో మాత్రం ఆ వంశం ఇప్పటికీ నడుస్తోంది.

ఇంతవరకూ రాసిన పట్టిక జేబులో పెట్టుకుని పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లాను. మేం నడిచేది రేమండ్ సమాధి గుట్ట మీద. మా పేటకి ఆ పేరు వచ్చింది ఆయన వల్లే: మొస్యూ రేమండ్ జనం నోట్లో మూసా రాం అయ్యాడు, ముసల్మానులకి మూసా రహీమ్ అయ్యాడు. 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, రెండో నిజాం కొలువులో చేరి, గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించి, 1798 మార్చి 25న ఇక్కడే పోయాడు. 2001లో కూలిపోయిన మండపాన్ని మళ్లీ కట్టారు. పక్కనే నిలువు రాతి స్తంభం, మీద 'జె.ఆర్.' అని రెండే అక్షరాలు.

నాతో నడిచే ఒకాయన ఉన్నారు, పాతబస్తీ మనిషి, ఉర్దూ పద్యం లేకుండా రెండు మాటలు మాట్లాడరు. పట్టిక చూపించి గొప్పగా చెప్పాను. ఆయన స్తంభం అరుగు మీద కూర్చుని మొత్తం విని, "అది సరే సాబ్, మన నిజాంలు ఎంతమంది?" అన్నారు.

"ఏడుగురు."

"గద్దె మీద కూర్చున్నోళ్లు?"

"వాళ్లే కదా."

"పదిమంది సాబ్. ఇన్నేళ్లు ఏం ఆడిట్ చేసిన్రు మీరు?"

నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు ఎక్కడో చదివిందే. మొదటి నిజాం ఉల్ ముల్క్ 1748లో పోయాడు. రెండో నిజాంగా లెక్క వేసే నిజాం అలీ ఖాన్ వచ్చింది 1762లో. ఆ మధ్య పద్నాలుగేళ్లు? రెండో కొడుకు నాసర్ జంగ్, 1750 డిసెంబర్‌లో చెంజి దగ్గర హత్య. కూతురి కొడుకు ముజఫర్ జంగ్, పాండిచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే అండతో నవాబై, హైదరాబాద్‌కి వస్తూ దారిలో, 1751లో రాయచోటి దగ్గర హతం. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే శిబిరంలో బందీగా ఉన్న ఇంకో కొడుకు సలాబత్ జంగ్‌ని తీసుకొచ్చి నవాబుని చేశాడు. పదకొండేళ్లు ఏలాడాయన. సైన్యం ఖర్చుల కింద 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్లకి రాసిచ్చింది ఆయనే. 1756లో ఇద్దరికీ పొసగక, పొమ్మంటే బుస్సీ పోకుండా హైదరాబాద్‌లోనే చార్‌మహల్ తోటలో మోర్చా వేసుకుని కూర్చున్నాడు, చివరికి రాజీ పడ్డారు. మరుసటేడు జనవరిలో అదే బుస్సీ బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చాడు. పిల్లవాడుగా దాదమ్మ ఒడిలో బతికి బయటపడ్డ ఆ పదిహేనో లూయీయే అప్పుడు బుస్సీకి రాజు. 1762లో తమ్ముడు నిజాం అలీ సలాబత్ జంగ్‌ని దింపి బీదర్ కోటలో పెట్టాడు, మరుసటేడు సలాబత్ జంగ్ అక్కడే పోయాడు.

అసఫ్ జా అనే బిరుదును బట్టి నంబర్లు వేసుకుంటూ పోవడంతో ముగ్గురూ వరసలోంచి జారిపోయారు. అక్కడ కూర్చోనివాడికి నంబరు వేశారు, ఇక్కడ కూర్చున్నవాళ్లకి వెయ్యలేదు. ఇంట్లో పట్టిక పక్కన ఇంకో నిలువు గీత కొట్టి ఈ ముగ్గురినీ రాశాను. నంబరు గడిలో ఏం వెయ్యాలో తెలియక అడ్డగీతలు పెట్టాను.

ఆదివారం మనవరాలిని చౌమహల్లాకి తీసుకెళ్లాను. ఆ ప్యాలెస్ కట్టడం మొదలైంది సలాబత్ జంగ్ హయాంలోనేనని చెప్తారు. ఖిల్వత్ దర్బారులో షాండ్లియర్ల కింద ఎవరో పెద్దాయన తన బంధువులకి ఏడుగురు నిజాంల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తున్నాడు. మా పిల్ల నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఊరుకోమని. ఊరుకుంది, కానీ మొహం చూస్తే కష్టంగానే ఉంది.

బయటికొచ్చి ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. రెండు చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కట్లు చెప్పాను. జనం బాగా ఉన్నారు, చాయ్ ఎంతకీ రావడం లేదు. పిల్ల ఫోన్లో గంట చూసుకుంటూ కూర్చుంది. చాయ్ బల్ల మీదికి రాగానే ఫోన్ తిప్పి నాకు చూపించింది.

"ఇరవై రెండు నిమిషాలు తాతా. పంతొమ్మిదో లూయీ దిగిపోయి రెండు నిమిషాలైంది."